మన యంత్రానికి గవర్నరు ఎవరు?

గవర్నరు అనే మాట వినగానే మనకు రాజభవనమూ, ఉభయసభల నుద్దేశించి చేసే ప్రసంగమూ గుర్తుకు వస్తాయి. లినక్సు వాడే మిత్రులకు ఆ మాటకు మరొక అర్థం కూడా తెలిసి ఉంటుంది. ప్రాసెసరు ఏ క్షణాన ఎంత వేగంతో నడవాలో నిర్ణయించే కెర్నెలు భాగానికి కూడా గవర్నరు అనే పేరు. కంప్యూటరు కొన్నవారిలో చాలామందికి అలాంటి అధికారి ఒకడు లోపల కూర్చుని ఉన్నాడన్న సంగతే తెలియదు. తెలియకపోయినా బండి నడుస్తుంది కనుక ఎవరూ పట్టించుకోరు. నడవనినాడు మాత్రం తప్పు ప్రాసెసరు మీదికో, జ్ఞాపకం మీదికో, చివరకు లినక్సు మీదికో పోతుంది.

ఈ చిన్న గవర్నరుకు పాతికేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలుసుకుంటే ఒక విషయం స్పష్టమవుతుంది. ఒక యంత్రం చురుకైనదా, మందకొడిదా అని తీర్పు చెప్పేముందు అది ఏ గవర్నరు ఏలుబడిలో ఉందో అడగాలి. ఆ ప్రశ్న అడగకుండా ఇచ్చిన తీర్పుల వల్ల మంచి యంత్రాలు పాత ఇనుములో కలసిపోయాయి. మా ప్రాంతంలో అటువంటి ఉదంతం ఒకటి నాకు తెలుసు. దాని సంగతి తరువాత.

మాట పుట్టుక

వేగాన్ని అదుపు చేసే సాధనానికి ఈ పేరు కంప్యూటర్లతో రాలేదు. జేమ్స్ వాట్ 1788లో తన ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లు తిరిగే ఒక అమరిక తగిలించాడు. చక్రం వేగం పెరిగితే గుండ్లు దూరం జరిగి ఆవిరి దారిని మూస్తాయి, వేగం తగ్గితే దగ్గరకు వచ్చి దారిని తెరుస్తాయి. దానినే గవర్నరు అన్నారు. 1868లో మాక్స్‌వెల్ ఈ గవర్నర్ల మీదనే ఒక గణిత వ్యాసం వ్రాశాడు. 1948లో నార్బర్ట్ వీనర్ తన కొత్త శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టేటప్పుడు ఆ వ్యాసాన్ని తలచుకున్నాడు. రెండు మాటలకూ మూలం ఒకటే, చుక్కాని పట్టేవాడు అనే గ్రీకు పదం.

మా హిందూపురం వాళ్లకు చుక్కాని సంగతి తెలియదు గాని గవర్నర్ల సంగతి బాగా తెలుసు. విజయనగరపు రోజుల్లో పెనుకొండ ఒక ముఖ్యమైన రాజ్యానికి కేంద్రం. రాజు హంపీలో ఉంటే ఇక్కడి అధికారి ఆయన పేరిట పాలించేవాడు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529–1542 మధ్య, పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ లేపాక్షి ఆలయం కట్టించాడని చరిత్ర. రాజు అనుమతి లేకుండా కోశాగారం ఖర్చు పెట్టాడన్న నింద రాగా, శిక్ష పడేలోపే తన కన్నులు తానే పెరికి గోడకు విసిరాడని స్థానిక కథ. అక్కడి కల్యాణ మంటపం నేటికీ అసంపూర్తిగానే నిలిచి ఉంది.

కథ నిజమో కాదో గాని, గవర్నరు ఇబ్బంది ఏమిటో ఇంతకన్న బాగా చెప్పలేము. పని వేగంగా సాగాలి, కోశం తరగకూడదు. ప్రతి క్షణమూ రాజును అడిగే వీలు లేదు. పని ఆగితే అడుగుతారు, ధనం తరిగినా అడుగుతారు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అన్నట్టు. ప్రాసెసరు గవర్నరుకు కోశం విద్యుత్తు.

టర్బో మీట చేసిన పని

వేగాన్ని మార్చే ఏర్పాటు మన మేజాల మీదికి మొదట వచ్చింది విద్యుత్తు ఆదా కోసం కాదంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1981లో వచ్చిన ఐబిఎం పీసీ ప్రాసెసరు 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. ఆనాటి ఆటలూ, కొన్ని ప్రోగ్రాములూ ఆ వేగాన్నే గడియారంగా భావించి వ్రాసినవి. తరువాతి యంత్రాలు వేగం పుంజుకునేసరికి ఆ ఆటలు మనిషి ఆడలేనంత జోరుగా పరుగెత్తాయి. అందుకని పెట్టె ముందు భాగాన టర్బో అనే మీట పెట్టారు. పేరును బట్టి అది వేగం పెంచుతుందని అందరమూ అనుకుంటాము. యంత్రం సహజ వేగమే టర్బో. మీట రెండవ స్థితి దానిని పాత ప్రోగ్రాముల కోసం మందగింపజేసేది. 386, 486 పెట్టెలు చూసినవారికి ఆ మీట, పక్కన వెలిగే అంకెలు గుర్తుండే ఉంటాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఆనాడు గవర్నరు మనిషే. వేలితో నొక్కితే వేగం మారేది, ఏది ఎందుకు మారిందో నొక్కినవాడికి తెలిసేది. రెండవది, పేరు ఒకటి, పని ఒకటి. ఈ రెండవ జబ్బు ఆ మీటతో పోలేదు.

వోల్టేజి రహస్యం

వేగం తగ్గిస్తే విద్యుత్తు ఎందుకు మిగులుతుందో ఒక్క మాటలో చెప్పుకుందాం. ప్రాసెసరు స్విచ్చింగుకు ఖర్చయ్యే వాట్లు పౌనఃపున్యానికి అనుపాతంలోనూ, వోల్టేజి వర్గానికి అనుపాతంలోనూ ఉంటాయి. పౌనఃపున్యం ఒక్కటే సగానికి తగ్గిస్తే వాట్లు సగమవుతాయి, కాని పని పూర్తి కావడానికి రెట్టింపు కాలం పడుతుంది. మీటరులో తిరిగే యూనిట్లు అంతే. లాభమేమీ లేదు. అసలు లాభం వోల్టేజిలో ఉంది. వేగం తగ్గినప్పుడు తక్కువ వోల్టేజితోనే ట్రాన్సిస్టర్లు పని చేయగలవు కనుక దానిని కూడా తగ్గించవచ్చు. వర్గం ఉన్నది దాని మీదనే.

2003లో ఇంటెల్ విడుదల చేసిన పెంటియం ఎం ప్రాసెసరును చూడండి. 1.6 గిగాహెర్ట్జ్ వేగంలో దానికి 1.484 వోల్టులు కావాలి. 600 మెగాహెర్ట్జ్ వేగంలో 0.956 వోల్టులు చాలు. వేగం 37.5 శాతానికి తగ్గింది. లెక్క కడితే స్విచ్చింగు ఖర్చు సుమారు 15.6 శాతానికి తగ్గింది. ఇంటెల్ పత్రాలలో ఆ ప్రాసెసరు గరిష్ఠ వేగానికి 24.5 వాట్లు, కనిష్ఠ వేగానికి 6 వాట్లు అని ఉండేది.

ఈ యుగానికి నాంది 2000 జనవరి. ఇంటెల్ స్పీడ్‌స్టెప్ పేరుతో తన లాప్‌టాప్ పెంటియం 3కు రెండు వేగాలు ఇచ్చింది. గోడకు తగిలిస్తే 650 మెగాహెర్ట్జ్, బ్యాటరీ మీద 500. అదే నెలలో ట్రాన్స్‌మెటా అనే చిన్న సంస్థ క్రూసో ప్రాసెసరును లోకానికి చూపింది. దాని లాంగ్‌రన్ పద్ధతిలో ప్రాసెసరే తన పని ఒత్తిడిని గమనించి వేగాన్నీ వోల్టేజినీ మార్చుకునేది. 1997 నుంచి 2003 దాకా ఆ సంస్థలో ఉద్యోగం చేసినవారిలో లినస్ టోర్వాల్డ్స్ ఒకరు. ఏఎండి కూడా ఆ ఏడాదే పవర్‌నౌతో, 2003లో కూల్ ఎన్ క్వయట్‌తో ఈ బాట పట్టింది.

కెర్నెలులోకి ప్రవేశం

లినక్సులో దీనికి పునాది వేసినవాడు ఆర్మ్ ప్రాసెసర్ల వైపు పనిచేసే రస్సెల్ కింగ్. 2001లో ఆయన మొదలుపెట్టిన సిపియుఫ్రీక్ అనే భాగాన్ని డామినిక్ బ్రోడొవ్‌స్కీ తదితరులు 2002–2003లో విస్తరించారు. అది 2.5 అభివృద్ధి శ్రేణిలో చేరి, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెలుతో అందరికీ అందింది. ఆ నిర్మాణంలోని తెలివి ఒక విభజనలో ఉంది. వేగం ఎలా మార్చాలో తెలిసినది డ్రైవరు. ఎప్పుడు మార్చాలో తేల్చేది గవర్నరు. యంత్రం మారితే డ్రైవరు మారుతుంది, విధానం మారితే గవర్నరు మారుతుంది.

తొలినాటి గవర్నర్లు ముగ్గురు. పెర్ఫార్మెన్స్ ఎప్పుడూ గరిష్ఠ వేగం. పవర్‌సేవ్ ఎప్పుడూ కనిష్ఠ వేగం. యూజర్‌స్పేస్ బయటి ప్రోగ్రాము ఏమి చెబితే అది. ఈ మూడవదాని ఆసరాతో పవర్‌నౌడీ, సిపియుస్పీడ్, సిపియుఫ్రీక్‌డీ వంటి సేవకులు పుట్టుకొచ్చారు. వారు వెనుక నుంచి పని ఒత్తిడిని చూస్తూ కెర్నెలుకు కబురు పెట్టేవారు. కబురు వెళ్లి వేగం మారేసరికి ఒక్కొక్కసారి పని కాస్తా అయిపోయేది.

2004 అక్టోబరులో 2.6.9 కెర్నెలుతో ఆన్‌డిమాండ్ గవర్నరు వచ్చింది. ఇంటెల్‌లో పనిచేసిన వెంకటేశ్ పల్లిపాడి దీని రచయితలలో ముఖ్యుడు. ఈయన అలెక్సీ స్టారికోవ్‌స్కీతో కలసి 2006లో ఒట్టావా లినక్సు సదస్సుకు దీని భూత భవిష్యద్వర్తమానాల మీద ఒక పత్రం సమర్పించారు. ఆన్‌డిమాండ్ సూత్రం సులువైనది. మిల్లీసెకన్ల వ్యవధిలో ప్రాసెసరు ఎంతసేపు పనిలో ఉందో, ఎంతసేపు ఖాళీగా ఉందో చూస్తుంది. పని భాగం 80 శాతం దాటితే మధ్య మెట్లు ఎక్కకుండా నేరుగా గరిష్ఠానికి పోతుంది. ఒత్తిడి తగ్గితే సరిపడేంత వేగానికి దిగుతుంది. అదే పనిని మెట్టు మెట్టుగా చేసే కన్సర్వేటివ్ గవర్నరు 2005 జూనులో 2.6.12తో వచ్చింది.

ధర్మవరం నుంచి ఎక్కే రైలు

ఆన్‌డిమాండ్ బలమూ బలహీనతా రెండూ తెలియాలంటే మా దారిలో వచ్చే రైలును తలచుకుంటే చాలు. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం వచ్చే బండి మైసూరు పీఠభూమి వైపు ఎక్కుతూ వస్తుంది. హిందూపురం ధర్మవరం కంటే 200 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. డీజిలు ఇంజన్లు లాగిన రోజుల్లో డ్రైవరు చేతిలో ఎనిమిది మెట్ల మీట ఉండేది. ఏ మెట్టు పెట్టాలో డ్రైవరు నిర్ణయిస్తాడు. ఆ మెట్టుకు తగిన వేగంలో ఇంజను తిరిగేలా డీజిలు ధారను సరిచేసేది ఇంజనులోని గవర్నరు. రెండిటికీ తేడా ఏమంటే, డ్రైవరుకు దారి తెలుసు. ముందు ఎత్తు వస్తుందని తెలిసి మెట్టు ముందే పెంచుతాడు. ఇంజను గవర్నరుకు బరువు మీద పడినప్పుడు గాని సంగతి తెలియదు.

ఆన్‌డిమాండ్ ఆ ఇంజను గవర్నరు వంటిది. గడచిన క్షణాన్ని చూసి రాబోయే క్షణాన్ని ఊహిస్తుంది. కనుక దాని కింద యంత్రం ఎలా నడుస్తుందన్నది పని స్వభావం మీద ఆధారపడుతుంది.

నిలకడగా సాగే భారమైన పని, అంటే వీడియో మార్పిడి, పెద్ద ప్రోగ్రాము కంపైలు చేయడం వంటిది అయితే కొద్ది మిల్లీసెకన్లలోనే గరిష్ఠ వేగం అందుతుంది. తరువాత గంటసేపూ అక్కడే ఉంటుంది. పెర్ఫార్మెన్స్ గవర్నరుతో పోలిస్తే తేడా దాదాపు కనబడదు.

చిన్న చిన్న తునకలుగా వచ్చే పని అలా కాదు. డిస్కు నుంచో, నెట్‌వర్కు నుంచో సమాచారం రావాలి, కొంచెం లెక్క చేయాలి, మళ్లీ ఎదురుచూడాలి. సగటున ప్రాసెసరు ఖాళీగానే కనబడుతుంది. గవర్నరు వేగం పెంచదు. ప్రతి తునకా నిదానంగా నడిచి మొత్తం పని సాగుతుంది. ఒకే పని ఒక కోరు నుంచి మరొక కోరుకు గెంతుతూ ఉన్నా ఇదే గతి. ఏ కోరును చూసినా సగం ఖాళీగానే ఉంటుంది. డేటాబేసులు నడిపేవారు సర్వర్లను పెర్ఫార్మెన్స్‌లో పెట్టడానికి కారణం ఇదే.

ఇంకొక మాయ కూడా చెప్పాలి. మన దేశంలో ఆ రోజుల్లో ఎన్నో మేజాల మీద పెంటియం 4 పెట్టెలే. వాటికి పీ4 క్లాక్‌మాడ్ అనే డ్రైవరు ఉండేది. వేగం ఎనిమిదవ వంతు దాకా తగ్గినట్టు చూపేది. నిజానికది గడియారపు దెబ్బలలో కొన్నింటిని మింగివేయడమే. వోల్టేజి తగ్గదు. పేరు గొప్ప ఊరు దిబ్బ. పని ఆలస్యమవుతుంది, యూనిట్లు మిగలవు. అది ప్రాసెసరు కాగిపోకుండా కాపాడే ఏర్పాటు. విద్యుత్తు ఆదాకు పుట్టినది కాదు. అంకె తగ్గింది కదా అని సంతోషించినవారు వోల్టేజి సంగతి అడగలేదు.

అట్టల కోసం ఆగిన మగ్గం

ఇప్పుడు ముందు చెప్పిన ఉదంతం. ధర్మవరంలో మా చిన్నాన్నగారి అబ్బాయి పట్టుచీరల డిజైన్లు గీసేవాడు. జకార్డు మగ్గానికి అట్టలు కావాలి. ఏ పడుగు పోగు లేవాలో, ఏది ఆగాలో ఆ అట్టలోని రంధ్రాలే చెబుతాయి. 1804 నాటి ఆ ఫ్రెంచి ఊహ నుంచే తరువాత కంప్యూటరు కార్డులకు దారి పడింది. అంచు బొమ్మను తెర మీద చుక్కలుగా గీసి, చుక్కకొక పోగు చొప్పున లెక్క కట్టి, అట్టలు కొట్టేవారికి పంపడం మావాడి పని. సెకండ్ హ్యాండు లాప్‌టాప్, అందులో లినక్సు, గింప్.

2011 వేసవిలో ఒకరోజు ఫోను చేశాడు. "అన్నా, ఈ డబ్బా ఇంక పనికిరాదంట. ప్రాసెసరు పోయిందంట. కొత్తది కొనమంటాండారు." డిజైను తెరుచుకోవడానికే యుగం పడుతోందని, ఆ అట్టలు అందక ఒక మగ్గం ఖాళీగా ఉందని చెప్పాడు. మగ్గం ఆగితే నేసేవానికి కూలి లేదు. ఆ ఇంట్లో ఆలస్యాన్ని కొలిచేది మిల్లీసెకన్లతో కాదు.

నేను హిందూపురం నుంచి ఫోనులోనే అడిగి, సిస్ దస్త్రవ్యవస్థలోని సిపియుఫ్రీక్ సంచయం తెరిపించి, స్కేలింగ్ గవర్నర్ అనే దస్త్రంలో ఏముందో చదవమన్నాను. పవర్‌సేవ్ అని ఉంది. ఆ ప్రాసెసరు గరిష్ఠ వేగం 2.4 గిగాహెర్ట్జ్. నడుస్తున్నది 800 మెగాహెర్ట్జ్ మీద, అంటే మూడింట ఒక వంతు. కరెంటు కోతల రోజులవి. బ్యాటరీ ఇంకొంచెం సేపు రావాలని ఎవరో ఆదా చేసే ఉపకరణం ఒకటి పెట్టి వెళ్లారు. అది గోడకు తగిలించినా వదలలేదు. ఆన్‌డిమాండ్ అని మార్పించాను. ప్రాసెసరుకు ప్రాణం వచ్చింది. ఫ్యాను దుమ్ము కూడా దులిపించమన్నాను. మా ఎండలకు లోపల వేడెక్కితే ఏ గవర్నరు ఉన్నా ప్రాసెసరు తనంత తానే మందగిస్తుంది. ఆ లాప్‌టాప్ ఆ తరువాత ఇంకో నాలుగేళ్లు పని చేసింది.

ఒక్క పదం మారితే మిగిలినది ఒక కొత్త లాప్‌టాప్ ధర. చిన్న ఊళ్లలో అది చిన్న మొత్తం కాదు.

పరుగెత్తి పడుకోవడం

పవర్‌సేవ్ వల్ల బ్యాటరీ అయినా మిగిలిందా అని అడగవచ్చు. ఈ ప్రశ్న మీద 2007 నుంచి కెర్నెలువారిలో ఆలోచన మారింది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన 2.6.21 కెర్నెలు పని లేనప్పుడు ప్రాసెసరును టిక్కుటిక్కుకూ లేపడం మానింది. మేలో ఆర్యన్ వాన్ డి వెన్ తదితరులు ఇంటెల్ నుంచి పవర్‌టాప్ అనే సాధనం విడుదల చేశారు. ఎవరు నిద్ర చెడగొడుతున్నారో అది చూపించేది. పని వేగంగా ముగించి గాఢనిద్రలోకి పోవడమే మేలు అన్నది వారి వాదం.

పైన చెప్పిన పెంటియం ఎం అంకెలతోనే లెక్క వేద్దాం. తెర, డిస్కు తదితరాలకు 10 వాట్లు అనుకుందాం. గరిష్ఠ వేగంలో ఒక నిమిషం పట్టే పని 600 మెగాహెర్ట్జ్ వేగంలో 2.67 నిమిషాలు పడుతుంది. పని కాగానే మూత మూసేవాడికి, వేగంగా చేస్తే 34.5 వాట్-నిమిషాలు, నిదానంగా చేస్తే 42.7. నిదానమే నష్టం. పని అయినా తెర ముందే కూర్చునేవాడికి లెక్క తిరగబడుతుంది. ఖాళీగా ఉన్న ప్రాసెసరుకు ఒక వాటు అనుకుంటే, అదే 2.67 నిమిషాలకు వేగపు దారిలో సుమారు 53, నిదానపు దారిలో 42.7. ఒకే యంత్రం, ఒకే పని, మనిషి అలవాటును బట్టి జవాబు మారింది. ఏ గవర్నరు మంచిదన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేకపోవడానికి ఇదీ కారణం.

దారి తెలిసినవాడి చేతికి

ఆన్‌డిమాండ్‌కు తెలియనిది దారి అనుకున్నాము కదా. కెర్నెలులో దారి తెలిసినవాడు ఒకడున్నాడు. ఏ పని ఎప్పుడు నడవాలో వరుస కట్టే షెడ్యూలరు. ఎన్నో ఏళ్లు షెడ్యూలరూ, గవర్నరూ ఒకే ఇంట్లో మాటలు లేని తోడికోడళ్లలా కాపురం చేశాయి. 2013లో 3.8 కెర్నెలుతో ప్రతి పనికీ విడివిడిగా భారం లెక్కించే పద్ధతి వచ్చింది. 2016 జూలైలో 4.7 కెర్నెలుతో రఫాయెల్ విసోత్స్కీ వ్రాసిన షెడ్‌యుటిల్ గవర్నరు ఆ లెక్కను వాడుకుంది. పని ఒక కోరు నుంచి మరొక కోరుకు మారితే దాని భారం లెక్క కూడా వెంట పోతుంది. కావలసిన వేగానికి పావు వంతు అదనంగా కలుపుతుంది, అంటే ప్రాసెసరు 80 శాతం నిండేలా చూస్తుంది. ఆన్‌డిమాండ్ నాటి 80 మరొక వేషంలో తిరిగి వచ్చింది. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎన్నిటినో నేడు ఏలుతున్నది ఈ షెడ్‌యుటిలే.

అదే సమయంలో నిర్ణయం మరొక వైపుకు కూడా జరిగింది. 2013 ఏప్రిల్‌లో 3.9 కెర్నెలుతో ఇంటెల్ పీస్టేట్ డ్రైవరు వచ్చింది. సాధారణ గవర్నర్లను పక్కన పెట్టి తన లెక్క తానే చేసుకుంది. 2015 నాటి స్కైలేక్ ప్రాసెసర్లతో నిర్ణయం పూర్తిగా చిప్పులోకే పోగలిగింది. కెర్నెలు హద్దులూ, అభిరుచీ చెబుతుంది, మిగతాది చిప్పు చూసుకుంటుంది. 2022 మార్చిలో 5.17తో ఏఎండి కూడా తన పీస్టేట్ డ్రైవరును చేర్చింది. 2000లో క్రూసో చేసినది ఇదే కదా! ప్రాసెసరే నిర్ణయించుకునే ఆ లాంగ్‌రన్ కోసం సిపియుఫ్రీక్ తొలి రోజుల్లోనే ఒక ప్రత్యేక ద్వారం పెట్టారు. గవర్నరును నియమించకుండా విధానం మాత్రం చెప్పి పంపే ద్వారం అది. ట్రాన్స్‌మెటా పోయింది, ద్వారం ఉండిపోయింది. ఇంటెల్ పీస్టేట్ లోపలికి వచ్చినది ఆ ద్వారం గుండానే.

ఆ ద్వారంలో చెప్పగల విధానాలు రెండే, పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్. అందువల్ల ఒక తిరకాసు ఏర్పడింది. పాత డ్రైవరు కింద పవర్‌సేవ్ అంటే కనిష్ఠ వేగానికి కట్టివేయడం. ఇంటెల్ పీస్టేట్ స్వయంగా నిర్ణయించే స్థితిలో పవర్‌సేవ్ అంటే అవసరాన్ని బట్టి గరిష్ఠం దాకా పోయి రావడం, అంటే ఇంచుమించు ఆన్‌డిమాండ్ చేసిన పని. ఒకే పేరు, రెండు అర్థాలు. పవర్‌సేవ్ కనబడగానే కంగారుపడి మార్చేవారూ, కనబడినా ఇది కొత్త రకమేలే అని వదిలేసేవారూ ఇద్దరూ పొరబడగలరు. టర్బో మాట కూడా ఇలాగే తిరిగి వచ్చింది. 2008లో వచ్చిన కోర్ ఐ7తో ఇంటెల్ టర్బో బూస్ట్ మొదలుపెట్టింది. ఈసారి ఆ పేరు నిజంగానే నిర్ణీత వేగాన్ని దాటించే పనికి పెట్టారు.

చూసుకోవలసినవి

ఈ చరిత్ర అంతా ఒక అధికారం చేతులు మారిన చరిత్ర. మొదట వేలు, తరువాత బయటి సేవకుడు, ఆ తరువాత కెర్నెలు గడియారం, షెడ్యూలరు, చివరకు చిప్పు. ప్రతి మార్పుతోనూ ఊహ మెరుగైంది. ప్రతి మార్పుతోనూ నిర్ణయం మన కంటికి మరింత దూరమైంది. అయితే లినక్సు ఇప్పటికీ ఆ అధికారి పేరు దాచదు. అడిగితే చెబుతుంది, మార్చమంటే మారుస్తుంది.

కనుక మీ యంత్రం నెమ్మదించిందని అనిపిస్తే, కొత్తది కొనేముందు నాలుగు దస్త్రాలు చదవండి. స్కేలింగ్ డ్రైవర్ ఏది, స్కేలింగ్ గవర్నర్ ఏది, గరిష్ఠ హద్దు ఎంత ఉంది, పని జరుగుతుండగా ప్రస్తుత వేగం ఎంత. డ్రైవరు పేరు చూడకుండా గవర్నరు పేరుకు అర్థం చెప్పవద్దు. గవర్నరు సరిగా ఉన్నా వేగం పడిపోతుంటే వేడి సంగతి చూడండి. మార్చడానికి రూట్ అధికారం కావాలి. చేత్తో మార్చినది యంత్రం ఆపి వేస్తే పోతుంది కనుక, తప్పు మార్చినా భయం లేదు. రెండు యంత్రాలను పోల్చేటప్పుడు, రెండు పంపకాలను పోల్చేటప్పుడు గవర్నరు పేరు వ్రాయని అంకెలను నమ్మవద్దు.

విరూపణ్ణ కథలో రాజు మంటపం ఎంతవరకు లేచిందో చూడకుండానే కోశం లెక్క అడిగాడంటారు. మన పెట్టెలోని గవర్నరు చేసే పనికి అటువంటి తొందర తీర్పు రాకూడదు. లెక్కా, పనీ రెండూ చూసి, ఆ తరువాత మార్చవలసి వస్తే మార్చుదాం.